ఏడు నూనె మరకలు

మా వదిన యూనివర్సిటీలో మెట్ల కింద, మేం చీపుర్లు పెట్టుకునే గదిలో చనిపోయింది. నా ఒళ్లో తల పెట్టుకునే పోయింది. గాలి ఆడని మరుగుదొడ్లలో యాసిడ్ పోసి పోసి ఆమె ఊపిరి పాడైంది. ముక్కుకు మాస్కులిమ్మని రెండేళ్లు అడిగి నోళ్లు నొప్పి పుట్టాయి. మర్నాడు మాతో ఊడ్పు పని చేయించే కాంట్రాక్టరు వచ్చి, ఆమె ఆరోజు పనికే రాలేదు, ఇంట్లో పోయిందన్నాడు. పనిలో పోయిందని ఒప్పుకుంటే ఆమె కూతురికి పరిహారం ఇవ్వాలి, మాకు మాస్కులివ్వాలి. అందుకే చచ్చిన మనిషిని కూడా గదిలోంచి గెంటేశాడు.

ఆ నెలలోనే బొమ్మల పిల్ల మా గది అడిగింది. బొమ్మలు వెయ్యడం చదువుకునే విద్యార్థిని, అందుకని ఆ పేరు పెట్టాం. పరీక్ష కోసం ఒక గదినే కళగా చూపించాలట. ఆ గదిలో తప్ప ఇంకెక్కడా అది కుదరకూడదట. చీపుర్లనా చూపిస్తావని నవ్వాం. ఆ పిల్ల గోడ చూపించింది.

పన్నెండేళ్లుగా మధ్యాహ్నం అన్నం తిని ఆ గోడకే జారగిలబడి కునుకు తీస్తున్నాం. మా తలల నూనె అంటుకుని ఏడు మరకలు వరసగా పడ్డాయి. ఎవరి చోటు వాళ్లదే. వదిన పొట్టిది, అందుకే మూలనున్న ఆమె మరక అందరికంటే కిందికి ఉంటుంది. ఒక్కో మరక పైన చిన్న దీపం పెట్టి, కింద ఎవరు ఎన్నేళ్లు పనిచేశారో రాస్తానంది. వదిన కింద మాత్రం, ఇక్కడే చనిపోయిందని రాస్తానంది. సోమవారం యూనివర్సిటీ పెద్దవాళ్లంతా చూడ్డానికి వస్తారంది.

పెద్దవాళ్లు వస్తారని విన్నాక మా చేతులు ఊరుకుంటాయా? మా జిడ్డు వాళ్ల కంట పడుతుందని సిగ్గేసింది. సోమవారం పొద్దున్నే సబ్బునీళ్లు కలిపి గోడ రుద్దేశాం. ఆరు మరకలు పోయాయి. వదిన మరక దగ్గరికి వచ్చేసరికి ఎవరి చెయ్యీ ఆడలేదు. నేను బ్రష్షు బకెట్లో పడేసి ఏడ్చాను.

బొమ్మల పిల్ల వచ్చి చూసి నేలమీద కూలబడింది. తిట్టలేదు.

"ఆమె ఇక్కడుందని చెప్పడానికి మీరు కూడా ఉండాలి కదక్కా," అంది. "ఇప్పుడు ఒక్కతే అయిపోయింది."

సిగ్గుపడి మమ్మల్ని మేమే తుడిచేసుకున్నామని అప్పుడు తెలిసింది. అంతలో ఆ రాత సంగతి ఎలాగో తెలిసి కాంట్రాక్టరు సున్నం వేసే మనిషిని వెంటబెట్టుకుని దిగాడు. అడ్డుపడితే, మురికి గోడకు సున్నం కొట్టిస్తుంటే మీకేం నొప్పి అన్నాడు. మాలో అందరికంటే పెద్దదైన బకెట్ల అవ్వ కదల్లేదు.

"పన్నెండేళ్లు మొత్తుకున్నా పడని సున్నం ఇవాళ గుర్తొచ్చిందా బాబూ?" అంది.

ఆరుగురం వెళ్లి గోడకు తలలు ఆనించి మా మా చోట్లలో కూర్చున్నాం. మూల ఖాళీగా ఉంచాం. కాంట్రాక్టరు పిలిస్తే పోలీసులు వచ్చి జుట్లు పట్టుకుని లాగారు. బొమ్మల పిల్లను కూడా వ్యానెక్కించారు. నూనె మీద సున్నం నిలవదు సార్ అని సున్నం మనిషి చెబుతూనే ఉన్నాడు. కాంట్రాక్టరు వినలేదు, అతని చేత అక్కడికక్కడే పూత వేయించాడు. వదిన మరక తెల్లబడిపోవడం గడప దగ్గర నన్ను ఈడుస్తున్నప్పుడే చూశాను. ఆమె రెండోసారి పోయినట్టు అనిపించింది.

మూడో రోజు మమ్మల్ని వదిలారు. స్టేషన్ బయట సున్నం మనిషి నిలబడి ఉన్నాడు.

"మరక బయటికొచ్చేసింది అక్కా," అన్నాడు. "మీ వదినదొక్కటే కాదు. మీరు కడిగింది పైపైనే. లోపల ఇంకిన నూనె తడి సున్నం తగిలేసరికి పైకి తేలింది. ఏడూ ఉన్నాయి."

పరుగున వెళ్లాం. గదికి తాళం వేశారు. కానీ రిజిస్ట్రారు ఆఫీసు ముందున్న పొడవాటి తెల్లగోడ పొడుగునా జనం. మరకల కబురు విని వచ్చిన హాస్టల్ వంటవాళ్లు, తోటమాలులు, విద్యార్థులు, అందరూ జుట్టు నిండా నూనె రాసుకుని గోడకు తలలు ఆనించి కూర్చున్నారు. మాస్కులిచ్చి, వదిన ఇక్కడే పోయిందని రాసిచ్చేదాకా లేవమంటున్నారు. వాళ్ల మధ్యలో మా వదిన కూతురు, కళ్లు ఉబ్బి, కూర్చుని ఉంది.

నన్ను చూసి కొంచెం జరిగింది. ఆ సందులో కూర్చుని నేనూ తల ఆనించాను.