బురద లేపే కాళ్లు

పంపుహౌసు గొట్టం మూతికున్న జల్లెడలో చెత్త అడ్డం పడితే, సిలిండర్లు కట్టుకుని నీళ్లలోకి దిగి తీసేది నేనూ, మా బావా. గట్టుమీద తాడు పట్టుకునేది మా అక్క. జల్లెడ ఉన్నచోట పైన కాంక్రీటు కప్పు, కింద పిండిలాంటి బురద. అక్కడ కాళ్లు పైకీ కిందికీ ఆడించకూడదు. మోకాళ్లు మడిచి, పాదాలు పక్కలకి తిప్పి, కప్పలా ఒక్క తోపు తోసి, జారనివ్వాలి. బురదా లేవదు, గాలీ మిగుల్తుంది. ఈ మాట చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది.

బావ సముద్రంలో, కాళ్లు పైకీ కిందికీ ఆడిస్తూ నేర్చినవాడు.

"నేను మొసలినిరా. కప్ప పని నువ్వు చూసుకో" అన్నాడు.

ఆ పొద్దు చెత్త తీశాక, బయటికి తిరిగేటప్పుడు మొసలి నా ముందు పడింది. నాలుగు తన్నులు తన్నేసరికి అడుగంతా లేచింది. నా చేతిలో దీపం నాకే కనపడలేదు. గట్టుమీంచి తెచ్చి జల్లెడకి కట్టిన దారితాడు కోసం తడిమితే లేదు. అది ఆయన కాలికున్న రబ్బరు ఫిన్నుకి చుట్టుకుని, ముడి ఊడి, ఆయనతోపాటే పోయింది. నేను జల్లెడ చువ్వ పట్టుకుని ఉండిపోయాను. కదిలితే ఎటు పోతానో తెలీదు, పైకి లేస్తే కప్పు. గాలి ఎంతుందో చూద్దామంటే సిలిండరు మీటరు ముల్లు కూడా కనపడదు. ఊపిరి సన్నగా పీలుస్తూ, ఆయన్ని తిట్టని తిట్టు లేదు. నోట్లో గొట్టం ఉండబట్టి అన్నీ కడుపులోనే ఉండిపోయాయి.

బురద కాస్త దిగాక ఒక పక్క బూడిదరంగు వెలుతురు కనిపించింది. చువ్వ వదిలి, కప్పలాగే వచ్చాను.

గట్టుమీద అక్క ఊడొచ్చిన తాడు కొస పట్టుకుని నిలబడి ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు. బావ చెక్కబల్ల మీద కూచుని తల తుడుచుకుంటున్నాడు. తాడన్నాక ఊడుతుందనీ, మళ్లీ దిగబోతూనే ఉన్నాననీ చెప్పుకొచ్చాడు. ఇంక ఈయనతో దిగనని అక్కతో అన్నాను.

"కప్ప చావలేదుగా, దానికింత గోలెందుకు?" అన్నాడు బావ.

అక్క తాడు కింద పడేసింది.

"బోర్లా పడుకో."

వేళాకోళమనుకుని నవ్వాడు. ఆమె నవ్వలేదు. బల్లమీద పడుకున్నాడు. అక్క ఆయన చీలమండలు రెండూ పట్టుకుని, మోకాళ్లు మడిచి, పాదాలు బయటికి తిప్పింది.

"తొయ్యి. ఆగు. మళ్లీ."

పంపుహౌసు వాళ్లు గుమ్మంలోకి వచ్చి చూస్తున్నారు. బావ చెవులు ఎర్రబడ్డాయి.

"ఒరేయ్, చాలని చెప్పరా మీ అక్కకి."

నేను సిలిండరు విప్పి తెచ్చి ఆయన మొహం ముందు పెట్టాను. ముల్లు ఎర్రగీతకి బాగా కిందికి పడిపోయి ఉంది. చూశాడు. ఈసారి మోకాళ్లు తనే మడిచాడు.

"చాలదు" అన్నాను అక్కతో.