శుక్రవారం ఐదింటిలోగా

ఏడాదిపాటు సరస్సు చుట్టూ తిరిగి మూడొందల సీసాల నీళ్ళు తోడి, పన్నెండు పేజీల కాగితం రాసి, తీరా సంతకం పెట్టాల్సిన మనిషి నిప్పు ముందు కూర్చుంటే రోజలీ మాత్రం ఏం చేస్తుంది? నా ఖర్మ అనుకుంటూ వంటింటి బల్ల దగ్గర కూలబడింది. మంగళవారం పొద్దున్నే పెద్దమ్మ పోయింది. పెద్దమ్మ కొడుకు మెల్విన్ వాళ్ళ ఆదివాసీ తెగకు ఛైర్మన్; తెగ ఆఫీసులో నీళ్ళ సంగతి చూసేది రోజలీ. కాగితానికేమో శుక్రవారం సాయంత్రం ఐదింటితో గడువు సరి.

గని కంపెనీ వాళ్ళు సరస్సు మొగలో కాలవ తవ్వాలంటే ఫెడరల్ ఇంజనీర్ల పర్మిట్ కావాలి. నీళ్ళు తెగవి కాబట్టి, వాటికి చేటు లేదని తెగ సర్టిఫికెట్ ఇస్తే తప్ప ఆ పర్మిట్ రాదు. ఇస్తారో ఇవ్వరో కంపెనీ అర్జీ పెట్టిన ఏడాదిలోగా తేల్చి చెప్పాలి, చెప్పకపోతే ఇచ్చినట్టే. మౌనం అర్ధాంగీకారం అంటారు గానీ, ఈ చట్టం దగ్గర మౌనం అంటే పూర్తి అంగీకారమే! ఇవ్వం అని రాసింది రోజలీ. కాలవ తవ్వితే గని గంధకం నేరుగా సరస్సులోకి దిగుతుంది. సరస్సులో విత్తకుండానే పండే నివ్వరి వడ్లు గంధకం సోకిన నీళ్ళలో బతకవు. ముత్తాతల నాటి నుంచి పడవల మీద తిరిగి దులుపుకుంటున్న ఆ వడ్లు పోతే, ఆ ఊళ్ళో ఇక మిగిలేది పేరొక్కటే.

తల్లి పోతే కొడుకు నాలుగు రోజులు నిప్పు ఆరకుండా కాచుకుంటాడు. ఆ వెలుగు చూసుకుంటూ ఆమె అవతలి ఒడ్డుకు నడుస్తుంది. ఆ నాలుగు రోజులూ అతను గొడ్డలి గానీ కలం గానీ ముట్టుకోకూడదు. ముట్టుకున్నాడా, నిప్పు దగ్గర నుంచి లేచి వచ్చిపోయేవాళ్ళ బెంచీ మీదికి వెళ్ళాల్సిందే. తెగ ఆఫీసు కూడా ఆ నాలుగు రోజులు మూత. మెయిన్ స్విచ్చి తీసేసి మరీ తాళం వేస్తారు.

పోనీ ఇంకెవరైనా పెట్టకూడదా అంటే, ఛైర్మన్ చేత్తో పెట్టిన సిరా సంతకమే చెల్లుతుందని నియమం. ఆ నియమం రాసిన మహాతల్లి ఎవరయ్యా అంటే రోజలీయే. కంపెనీ వాళ్ళు ఏ గుమాస్తానో మచ్చిక చేసుకుని పని కానిచ్చేస్తారేమోనన్న భయంతో ఎనిమిదేళ్ళ కిందట బిగించి రాసింది. వరద వస్తే ఏం చెయ్యాలో, మంచు పడితే ఏం చెయ్యాలో, ఎన్నికలైతే ఏం చెయ్యాలో అన్నీ రాసింది. చావు సంగతి మాత్రం రాయలేదు. చావొస్తే పనులు ఆగిపోతాయని పసిపిల్లలకు కూడా తెలుసు, అది కూడా రాయాలా అనుకుంది. మనకు తెలిసింది గడియారానికి కూడా తెలుసనుకోవడమే ఆవిడ చేసిన తప్పు.

బుధవారం పట్నంలో ఇంజనీర్ల ఆఫీసుకు ఫోన్ చేసి రెండు రోజులు అడిగింది. "మీ పెద్దమ్మగారి సంగతి విని బాధగా ఉందండీ. కానీ ఏడాది దాటి ఒక్క రోజు కూడా ఇవ్వడానికి లేదు" అన్నాడు గుమాస్తా. పాపం, మర్యాదస్తుడే. గోడకు చెప్పుకున్నా అంతే మర్యాదగా విని ఉండేది.

శుక్రవారం రెండింటికి, ఇక తప్పదని కాగితాలు చంకలో పెట్టుకుని నిప్పు దగ్గరికి వెళ్ళింది.

"ఏమే, దినానికొచ్చావా, దావాకొచ్చావా?" అన్నాడు ఎమరీ మామ. పెద్దమ్మకు తమ్ముడు, డెబ్భై దాటాయి, నోటికి మాత్రం ముసలితనం రాలేదు. "నీళ్ళకు సర్టిఫికెట్ ఏంటే? ఆ సరస్సు ఏ బళ్ళో చదివిందని?"

"నీకంటే బాగానే చదివిందిలే మామా" అంది రోజలీ ఓపిక లేక.

మెల్విన్ తలెత్తాడు. మూడు రోజుల గడ్డం, పొగకు ఎర్రబడ్డ కళ్ళు. "అదేనా అక్కా?"

"అదేరా."

"టైమెంతుంది?"

"ఐదింటిదాకా. దారికే రెండు గంటలు పోతుంది."

"నేను లేస్తే అమ్మ సంగతో?"

"మామ ఉన్నాడుగా."

"మామ కొడుకు కాదుగా అక్కా."

రోజలీకి దుఃఖం పొంగుకొచ్చింది. "వద్దులేరా. పోతే పోయింది వెధవ సరస్సు. నేను అడగను."

"అడక్కుండానే తెచ్చావుగా" అన్నాడు మెల్విన్. నిప్పు వంక చూసి, "అమ్మ అవతల కూడా ఆ వడ్లే అడుగుతుంది" అంటూ చెయ్యి చాపాడు. మోకాలి మీద కాగితం పెట్టుకుని సంతకం చేశాడు. కలం తిరిగిచ్చి, లేచి వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు. మామ వచ్చి అతని చోట కూర్చుని కట్టె ఎగదోశాడు.

నాలుగూ ఇరవైకి రోజలీ పట్నం చేరింది. కిటికీ అవతల అదే గుమాస్తా. కాగితాలు తీసుకుని కంప్యూటర్లో వెతికి ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

"ఈ అర్జీ నిన్ననే వెనక్కి తీసుకున్నారండీ కంపెనీవాళ్ళు. మీ ఆఫీసుకు ఈమెయిల్ పంపామే?"

"మా ఆఫీసుకు తాళం వేసుంది" అంది రోజలీ.

"మీరు ఇవ్వరని వాళ్ళకు తెలిసిపోయినట్టుంది. సోమవారం కొత్త అర్జీ పెడతారట. మళ్ళీ కొత్తగా ఏడాది మొదలు."

"మరి ఇది?"

"లేని అర్జీకి జవాబు ఎక్కడ పెట్టనండీ?" అంటూ పన్నెండు పేజీలూ జాగ్రత్తగా సర్ది వెనక్కిచ్చాడు.

తిరిగొస్తూ దారి పొడుగునా ఒక్క మాట వల్లె వేసుకుంది: అందింది. మెల్విన్‌కు అంతే చెప్పాలి, మిగతాది సోమవారం చూసుకోవచ్చు. మూడు రోజులు కన్ను మూయని మనిషికి ఒక్క పూట నిద్రైనా పడుతుంది.

ఎండ ఇంకా పోలేదు. మెల్విన్ బెంచీ మీదే ఉన్నాడు.

"అందిందా?"

"అందింది."

"హమ్మయ్య!" అని వెనక్కి వాలాడు. "అయితే అమ్మకు చెప్పక్కా. నేనిక దగ్గరికి రాకూడదు."

రోజలీ ఇది అనుకోలేదు. నిప్పు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, పోయినవాళ్ళతో మాట్లాడే ముందు వేసే పొగాకు చిటికెడు నిప్పులో వేసింది. బతికున్న తమ్ముడితో అబద్ధం ఆడింది గానీ, నడుస్తున్న పెద్దమ్మతో ఎలా ఆడుతుంది? చివరికి గొణిగింది. "పెద్దమ్మా, కాగితం తీసుకోలేదు. వాళ్ళు నిన్ననే అర్జీ వెనక్కి తీసేసుకున్నారు. సోమవారం మళ్ళీ పెడతారు. నీ కొడుకు ఊరికే లేచాడు. తప్పు నాదే."

మామ చేతిలో కట్టె ఆగిపోయింది. వెనక బెంచీ మీద వాలిన మెల్విన్ నిటారుగా లేచి కూర్చున్నాడు.

"గట్టిగా చెప్పక్కా" అన్నాడు మెల్విన్. "అమ్మకు ఎడమ చెవి వినపడదు."

రోజలీ గొంతు సవరించుకుని మొదటి నుంచీ మళ్ళీ చెప్పింది, ఈసారి అందరికీ వినపడేలా.