మిల్లు గేటు నుంచి టేషన్ దాక

ఎర్ర అంకెలు కదలడం ఆగేదాకా తిమోతి మీట నొక్కడు. పత్తి ట్రాక్టరు కాంటా మీదికి ఎక్కాక కింది ఇనుప పలక కాసేపు ఊగుతుంది. డ్రైవరు దిగాలి. ట్రాలీని పట్టుకుని నిలబడ్డ రైతు చెయ్యి తీసేయాలి. అప్పుడు గదిలో బల్ల మీదున్న డబ్బాలో అంకెలు నెమ్మదించి ఒకచోట నిలుస్తాయి. బయటికి వచ్చిన చీటీని చింపి కిటికీలోంచి అందించి, తర్వాతి బండికి చెయ్యి ఊపుతాడు. నిండు బండిని ఒకసారి, పత్తి దింపుకుని వచ్చిన ఖాళీ బండిని ఒకసారి. ఆదిలాబాద్‌లోని ఆ జిన్నింగు మిల్లులో పదిహేడు సీజన్లుగా అతని పని ఇదే.

నలభై రెండేళ్ల సన్నటి మనిషి. కంప్యూటరు ముందు కూర్చుని కూర్చుని మెడ ముందుకు వంగింది. సీజనులో సాయంత్రం అయ్యేసరికి దూది నుసి పట్టి కనుబొమలు, చెవుల అంచులు ముసలివాడికిలా తెల్లబడతాయి. తువ్వాలతో ఎంత దులుపుకుని వెళ్లినా, భార్య రోజారాణి అన్నం పెడుతూ అతని మెడ మీంచి ఒకటో రెండో పింజలు ఏరి పారేస్తుంది. చర్చి వెనక సందులో వాళ్ల ఇల్లు. కింద రెండు గదులు. పైన మేడ వేద్దామని పిల్లర్లకు వదిలిన ఇనుప చువ్వలు పదకొండేళ్లుగా ఆకాశంలోకి చూస్తూ తుప్పు పట్టాయి. రోజారాణి వాటికి తాడు కట్టి బట్టలు ఆరేసుకుంటుంది. అతని డిగ్రీ కూడా అంతే. ఆఖరి సంవత్సరం లెక్కల పేపరు ఒకటి మిగిలిపోయింది. వచ్చే ఏడు రాస్తానని చాలా ఏళ్లు చెప్పాడు, తర్వాత అడిగేవాళ్లు లేకపోయారు.

ఆ జనవరి పొద్దున, గేటు బయట పన్నెండు బండ్లు వరుసలో ఉండగా, ఫోనులో ఓంప్రకాశ్ గొంతు వచ్చింది. రికార్డు చేసి పంపిన మాట. మధ్యమధ్య ఊపిరి కోసం ఆగుతూ పలికింది.

"తమ్మీ, మొన్నటిసంది డయాలసిస్‌కు పోతలేను. నాతోని అయితలేదు. అయినకాడికి పంపు. నాకు జిల్లా అంత వద్దు. మిల్లు గేటు నుంచి టేషన్ దాక చాలు. ఒక్కసారి నడిపి చూసుకుంట."

తిమోతి దాన్ని రెండుసార్లు విన్నాడు. రెండోసారి వింటుంటే బయట ట్రాక్టరు హారను కొట్టింది.

ఓంప్రకాశ్‌ది కాగజ్‌నగర్. కాగితం మిల్లులో పనిచేసేవాడు. రెండువేల పద్నాలుగులో మిల్లు మూతపడ్డాక, ఇంట్లో ఊరికే కూర్చోలేక, బిడ్డ నవ్యశ్రీ కంప్యూటరు మీద బొమ్మలు కట్టడం నేర్చుకున్నాడు. గోడలు, కిటికీలు, పొగగొట్టాలు, రేకుల షెడ్లు. నాలుగేళ్లకు మిల్లు మళ్లీ తెరిచేనాటికి కిడ్నీలు పాడై, ఆ పనికి పోయే సత్తువ లేకపోయింది. తిమోతికీ అతనికీ పరిచయం బస్సులు నడిపే ఒక కంప్యూటరు ఆట వల్ల. విదేశంలో ఎవరో తయారుచేసిన ఆట అది, అందులోని రోడ్లు కూడా అక్కడివే. అయితే ఆడేవాళ్లు తమ ఊళ్లను, తమ బస్సులను కట్టుకుని అందులో కలుపుకోవచ్చు. దాన్ని మాడ్ అంటారు. ఎవరూ జీతం ఇవ్వరు. ఇష్టం ఉన్నవాళ్లు, తీరిక ఉన్నప్పుడు చేస్తారు.

ఆరేళ్ల కింద తిమోతి ఒక గ్రూపులో రాశాడు, మన ఆదిలాబాద్ రోడ్ల మీద మన ఎర్రబస్సు నడవాలి, ఎవరెవరు వస్తారు అని. ఐదుగురు వచ్చారు. ఇచ్చోడ నుంచి ఇద్దరు, మంచిర్యాల నుంచి ఒకరు, కాగజ్‌నగర్ నుంచి ఓంప్రకాశ్, కరీంనగర్ నుంచి పద్మలత. ఆమె ఫ్లెక్సీలు డిజైన్ చేసే షాపులో పని చేసేది. ఊళ్ల పేర్ల బోర్డులన్నీ ఆమే రాసింది. మొదటి నెలలోనే ఆమె ఒక ప్లాను పంపింది: మొదటి ఏడు ఒక్క రోడ్డు, ఒక్క బస్సు. అది జనానికి ఇచ్చేద్దాం. ఆడినవాళ్లు ఏమంటారో విని రెండో రోడ్డు మొదలుపెడదాం.

గింత చిన్నదా అన్నాడు తిమోతి. ఉమ్మడి జిల్లా మొత్తం ఉండాలన్నాడు. ఉట్నూరు అంగడి, జన్నారం టేకు అడవి, కడెం ప్రాజెక్టు గేట్లు, వాన కాలంలో తెగే వాగులు. చేయాల్సిన పనుల జాబితా వందకు చేరింది, మూడో ఏటికి రెండు వందల పద్నాలుగయింది. ఇచ్చోడ వాళ్లిద్దరూ చెప్పకుండానే మానేశారు. మంచిర్యాల మనిషి నెంబరు మారింది. పద్మలత మాత్రం మర్యాదగా చెప్పి వెళ్లింది. "తిమోతన్నా, పనికి జడిసి పోతలేను. ఎక్కడ ఆగుతదో తెల్వని పని నాతోని కాదు." ఓంప్రకాశ్ ఒక్కడూ మిగిలాడు. ఏ పని అడిగినా చేసి పంపేవాడు. ఏడాదికి ఒకసారి, నవ్వుతున్నట్టే అడిగేవాడు, జర చిన్నగ అనుకుందామా తమ్మీ అని.

చిన్నగా అనుకోవడం తిమోతికి చేతకాలేదు. కాంటా గదిలో అతను చీటీలు చింపే మనిషి. సేటు అతన్ని పేరు పెట్టి పిలిచి ఎన్నాళ్లయిందో. ఆ గ్రూపులో మాత్రం జిల్లా మొత్తాన్ని కడుతున్న మనిషి. పూర్తికానంత కాలం అది ఎంత పెద్దదైనా కావచ్చు. రెండు కిలోమీటర్ల రోడ్డుగా బయటికి వస్తే, అది రెండు కిలోమీటర్ల రోడ్డే. ఈ సంగతి అతను ఎవరికీ చెప్పుకోలేదు, తనకు తానూ చెప్పుకోలేదు.

ఆ పొద్దున లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, బండికీ బండికీ మధ్య జాబితా తెరిచి కొట్టేయడం మొదలుపెట్టాడు. ఉట్నూరు అంగడి కొట్టేశాడు. ఆ అంగడిలో ఎండుమిరపకాయల రాసుల రంగు కోసమే పదిహేను రోజులు పట్టింది. కడెం గేట్లు కొట్టేశాడు. టేకు అడవి పోయింది, వాగులు పోయాయి, ఇచ్చోడ హైవే పోయింది. పదకొండు గంటలకు జాబితాలో కాగజ్‌నగర్ కాక ఆదిలాబాద్ ఒక్కటే మిగిలింది. ఆ ఊళ్లో చర్చి వెనక సందు, సందులో ఒక ఇల్లు. ఆ ఇంటికి మేడ ఉంది, పైన లేతనీలం పిట్టగోడ ఉంది, మేడ మీద వెలుగుతున్న కిటికీ ఉంది. దాని మీద వేలు పెట్టి కొంచెంసేపు ఆగాడు. "భావూ, గిది నా చీటీ కాదు," అన్నాడు కిటికీ దగ్గర ఒక రైతు. తిమోతి ఒకరి తూకం ఇంకొకరికి ఇచ్చాడు. పదిహేడు సీజన్లలో అలా జరగడం అదే మొదటిసారి. గుమాస్తా వచ్చి నాలుగు మాటలు అని పోయాడు. చీటీ మార్చి ఇచ్చి కూర్చున్నాక ఇంటిని కూడా కొట్టేశాడు.

ఇక మిగిలింది కాగజ్‌నగర్ మిల్లు గేటు నుంచి రైల్వేస్టేషన్ వరకు. అందులో ప్రతి గోడా ఓంప్రకాశ్ కట్టిందే. స్టేషను దాటాక రోడ్డు లేదు, అటు వెళ్లిన బస్సు శూన్యంలోకి పడిపోతుంది. ఏదైనా అడ్డం పెట్టాలని వెతికితే, పద్మలత పాత ఫైళ్లలో ఒక బోర్డు దొరికింది, 'ముందు రోడ్డు లేదు' అని. ఆరేళ్ల కిందటి తేదీతో ఉంది. ఆమె మొదటి ప్లానులోనే ఆ బోర్డు ఉందన్నమాట. దాన్ని తెచ్చి స్టేషను అవతల నిలబెట్టాడు.

ఒంటిగంటకు బండ్లు ఆగాయి, హమాలీలు అన్నాలకు పోయారు. తిమోతి అన్నం డబ్బా విప్పకుండా ఆట తెరిచాడు. ఎర్రబస్సు మిల్లు గేటు ముందు ఆగి ఉంది. బయల్దేరింది. క్వార్టర్లు దాటింది, టీ కొట్టు దాటింది, కూరగాయల బండ్ల పక్కనుంచి నెమ్మదిగా పోయి స్టేషను ముందు ఆగింది. ఎక్కడా అతుకు కనిపించలేదు. రోడ్డు కుంగలేదు, గోడ మాయం కాలేదు. ఆరేళ్లలో మొదటిసారి ఒక ప్రయాణం మొదలై, ముగిసింది. అతని కళ్లు చెమర్చాయి.

ఒంటిగంటన్నర అయింది. అప్పుడే పంపేయాల్సింది.

పంపబోతూ స్టేషను వైపు చూశాడు. ప్లాట్‌ఫారం బోసిగా ఉంది. ఓంప్రకాశ్ అంత దూరం బస్సు నడుపుకుని వస్తే ఎదురుగా ఏమీ ఉండదు. ఒక్క గూడ్సు బండి నిలబెడదాం, ఐదు నిమిషాల పని అనుకున్నాడు. వ్యాగన్లు పట్టాల మీద నిలవలేదు. జారి రోడ్డుకు అడ్డంగా పడ్డాయి. సరిచేస్తే పట్టాలు పైకి లేచాయి. పట్టాలు దించితే బస్సు కదలడం మానేసింది. మధ్యాహ్నం బండ్లు మొదలయ్యాయి, ఒక చేత్తో చీటీలు, ఒక చేత్తో వ్యాగన్లు. రోజారాణి ఫోను చేసి తిన్నావా అని అడిగితే తిన్నానన్నాడు. నాలుగున్నరకు విసిగిపోయి రైలును తీసేసి, ఒంటిగంటన్నరకు ఎలా ఉందో అలాగే కట్టి పంపాడు. కింద రాశాడు: అన్నా, మిల్లు గేటు నుంచి టేషన్ దాక. నడిపి చెప్పు.

ఐదు దాటాక ఫోను మోగింది. ఓంప్రకాశ్ నెంబరే. గొంతు నవ్యశ్రీది.

"కాకా, బాపు పోయిండు. రెండున్నరకు."

తిమోతి లాప్‌టాప్ మూత దించాడు.

"పొద్దటిసంది రెండుసార్లు అడిగిండు, తిమోతి పంపిండా అని. ఒంటిగంటకు లేపి కంప్యూటరు ముందల కూసోబెట్టుమన్నడు. గట్లనే కూసున్నడు."

"ఇప్పుడే పంపిన బిడ్డా," అన్నాడు తిమోతి.

"చూసిన కాకా," అంది ఆ పిల్ల. ఆమె మాటలో నిష్ఠూరం లేదు. అది ఉన్నా బాగుండేది.

కాంటా మీద లారీ నిలిచి ఉంది. అంకెలు ఎప్పుడో ఆగాయి. డ్రైవరు వచ్చి కిటికీ తట్టేదాకా అతను మీట నొక్కలేదు. తర్వాత ఏడింటి వరకు ఇంకో పద్దెనిమిది బండ్లు తూచాడు. ఒక్క చీటీ కూడా తప్పు పోలేదు.

మర్నాడు తెల్లవారి మొదటి బస్సుకు బయల్దేరాడు. ఇంద్రవెల్లి, ఉట్నూరు, ఆసిఫాబాద్. తను కొట్టేసిన ఊళ్లన్నీ కిటికీ పక్కనుంచి ఒక్కొక్కటే పోయాయి. దేన్నీ చూడలేదు. ఆరేళ్ల స్నేహంలో ఓంప్రకాశ్‌ను అతను ఒక్కసారి కూడా కలవలేదు. మాడ్ అయినంక వచ్చి కలుస్త అన్నా అని ఎప్పుడూ చెప్పేవాడు. కాగజ్‌నగర్‌లో దిగి ఎవరినీ దారి అడగలేదు. మలుపులన్నీ తెలుసు. ఇల్లు చేరేసరికి శవాన్ని తీసుకుపోయారు. వాకిట్లో చల్లిన మరమరాలు, నలిగిన బంతిపూలు ఉన్నాయి. ఆడవాళ్లు వాకిలి కడగడానికి నీళ్లు తెస్తున్నారు.

నవ్యశ్రీ అతన్ని లోపలి గదిలోకి తీసుకుపోయింది. తండ్రి ముఖం ఎలా ఉండేదో ఆమె ముఖంలో వెతుక్కున్నాడు. ఆమె కుర్చీ చూపించింది. అతను కూర్చోలేదు.

కంప్యూటరు ముందు, బల్ల అంచుకు మరలతో బిగించిన నల్లటి స్టీరింగు ఉంది, ఆటలో బస్సు నడపడానికి వాడేది. దసరాకు తెప్పించుకున్నాడట, మన రోడ్డు వచ్చినంకనే విప్పుత అన్నాడట. ప్లాస్టిక్ కవరు ఇంకా దాని మీదే ఉంది. కుడివైపు ఒకచోట, ఎడమవైపు ఒకచోట, చేతులు పట్టుకునే మేర ఆ కవరు నలిగి నలిగి తెల్లబారింది.