సూదిలో దారం లేదు

మా కాలేజీ ప్రాజెక్టుకు ఎవరికి వారే సొంతంగా ఒక చిన్న సినిమా తీయాలి. ప్రదర్శనలో జనం చివరిదాకా కూర్చుంటేనే పాసు. నేను పిన్ని కుట్టుకొట్టులో ఒక గౌను తయారవడం తీశాను. ఎడిటింగుకు కూర్చుంటే బొమ్మ ఉంది, చప్పుడు లేదు. మైకు స్విచ్చి వేయనేలేదు. ప్రదర్శన మర్నాడే. గౌను అప్పటికే కుట్టించుకున్నవాళ్ళింటికి వెళ్ళిపోయింది.

వెళ్ళి పిన్నికి చెప్పాను.

"ఈమాత్రానికేనా కొంపలు మునిగినట్టు మొహం పెట్టావు? నా ముందు బొమ్మ ఆడించవే. చప్పుడు నేను చేస్తాను" అంది.

లాప్‌టాప్ మిషను పక్కన పెట్టి, మైకు స్విచ్చి రెండుసార్లు చూసుకున్నాను. పిన్ని పాత గుడ్డముక్క సూది కింద పెట్టి, తెర మీద తన చేతులనే చూస్తూ తొక్కసాగింది. మెడ వంపు దగ్గర తెర మీది చేయి నెమ్మదించకముందే ఆమె కాలు నెమ్మదించింది.

మర్నాడు హాల్లో ఒక్కరూ లేవలేదు. మా మాస్టారు పిన్ని దగ్గరకు వచ్చి, "దారం గుడ్డలో దిగడం కూడా వినిపించిందమ్మా" అన్నారు.

పిన్ని నా చెవి దగ్గర వంగి, "సూదిలో దారమే లేదే, పిచ్చి మొహమా" అంది.

నిన్నటి నుంచి ముద్ద దిగని నేను ఆ మధ్యాహ్నం రెండుసార్లు వడ్డించుకున్నాను.