రెండో ఆకు

నా బావమరిది సుక్రు నా కూతుళ్లిద్దరినీ ఒక్క మనిషి కిందే జమకట్టాడు. ఒక ఏడాది కాదు, పన్నెండేళ్లు.

సుక్రు మా ఊరి పూజారి. కొర్ర కొత్త పండగ నాడు ఊళ్లో బతికున్న ప్రతి మనిషి ముందూ అడ్డాకు పరిచి కొత్త కొర్రన్నం పెడతాడు. ఆకు పడనివాళ్లు ఆ ఏడు కొత్త గింజ నోట పెట్టకూడదు. నా పిల్లలకు ఒక్క ఆకే వేసేవాడు. నా భార్య సోములమ్మ నడుముకు దోపుకొచ్చిన ఇంకో ఆకు తీసి పక్కన పరిచి, తనే అన్నం పెట్టేది. తమ్ముడు చూపు తిప్పుకునేవాడు.

ఈ మాఘంలో సోములమ్మ జ్వరంతో పోయింది.

పిల్లలు గాయత్రి, బేబి. ఆసుపత్రి చీటీలో రెండోదానికి పేరు రాయకుండా బేబి అని వదిలేశారు. అదే నిలిచిపోయింది. రొమ్ము కింద నుంచి బొడ్డు దాకా అతుక్కుని పుట్టారు. విశాఖపట్నంలో డాక్టరమ్మ ఫిల్ము వెలుతురుకు పెట్టి చూపించింది. గుండెలు రెండు, పొట్టలు రెండు. కార్జం మాత్రం కలిసిపోయి ఒక్కటైంది. కోస్తే ఒకరు దక్కకపోవచ్చు అంది. సోములమ్మ ఇద్దరినీ పొదువుకుని అరకు బస్సెక్కింది.

సగం ఎదురెదురుగా, సగం పక్కపక్కన ఉంటారు. కొండదారిలో ఎండ్రకాయలా అడ్డంగా నడుస్తారు. దిగేటప్పుడు ముందు ఎవరి కాలో ఎగువనే తేల్చుకుంటారు. కాఫీ పండ్లకు వెళ్తే గాయత్రి కొమ్మ వంచుతుంది, బేబి కోస్తుంది. ఒకతి నవ్వితే రెండోదాని పొట్ట కదులుతుంది. దెబ్బలాడుకుంటే లేచిపోవడానికి వీల్లేదు. మెడలు చెరోవైపు తిప్పుకుని కూర్చుంటారు. రెండు గౌన్లు కలిపి, పక్కన బొత్తాలు పెట్టి వాళ్లమ్మ కుట్టేది. ఇప్పుడు నేను కుడుతున్నాను. వంకరగా వస్తుంది.

"అయ్యా, ఇది గౌనేటి, గోనెసంచేటి?" అంటుంది బేబి. తొడుక్కుంటుంది.

ఈ ఏడు కొత్త పండగకి సుక్రు వాళ్ల ముందు ఒక్క ఆకు వేసి ముందుకు సాగాడు.

"ఇంకోటి వెయ్యి" అన్నాను.

"ఒక వొళ్లు బావా. ఒక ఆకు."

"పొట్టలు రెండురా."

"నాకు తెల్దేటి?" అన్నాడు. "తినే మనిషి లేని ఆకు కాడికి సచ్చినోళ్లు వత్తారు. తిని, ఒకర్ని అట్టుకెళ్తారు. ఒక వొంటికి రెండాకులు ఏత్తే రెండోది తమకే అనుకోరేటి? ఈళ్లల్లో ఒక గుంట పోతే రెండోది మిగుల్తాదేటి? అక్కకి ఏటేటా సెప్పాను. ఇన్నేదు. సివరికి దాన్నే అట్టుకుపోయారు."

ఈ సంగతి సోములమ్మ నాకెన్నడూ చెప్పలేదు. నా చేయి లేచింది. గాయత్రి ఆ చేతిని పట్టుకుని కిందికి దించింది.

"మామా" అంది బేబి. "గాయత్రి తింటే నా నీరసం తగ్గుతాదేమో గానీ నా పొట్ట నిండదు. నా ఆకలి నాదే."

"దాని వాగుడు కూడా దానిదే మామా" అంది గాయత్రి. "నేను నిద్దరోయినా ఆపదు."

ఆడవాళ్లలో ఎవరో నవ్వారు.

"బేగి ఎయ్యి" అంది బేబి. "సచ్చినోళ్లొచ్చేలోపు నేనే తినేత్తాను. వాళ్లకి మెతుకు మిగల్నిత్తానేటి?"

సుక్రు వంగి రెండో ఆకు పరిచాడు. అన్నం పెట్టి, ఊరందరి ఆకులూ వదిలేసి దాని ముందే గొంతుకూర్చున్నాడు. ప్రతి ముద్దా నోట్లోకి పోయేదాకా చూశాడు. బేబి ఆకు నాకి, తిప్పి చూపించింది.

"ఇంకా ఎయ్యి మామా."

వేశాడు.

"మరి నాకో?" అంది గాయత్రి.

దానికీ వేశాడు. నవ్వుతూనే తలపాగా కొసతో కళ్లు తుడుచుకున్నాడు.

పిల్లల మీద అతనికి ప్రేమ లేదని ఇన్నాళ్లూ అనుకున్నాను. అది నా పొరపాటు, ఒప్పుకుంటాను. కానీ వాళ్ల కోసం వేసిన ఆకు వల్లే వాళ్లమ్మ పోయిందని వాళ్లు వింటుండగా అన్నాడు. అది మాత్రం మన్నించలేను. పిల్లలు మామ ఇంటికి వెళ్తారు, వస్తారు. నేను ఆపను. సుక్రు రెండుసార్లు మా గుమ్మం దాకా వచ్చి "బావా, ఆయేల నేనన్న మాట..." అని మొదలుపెట్టాడు. రెండుసార్లూ కాఫీ మొక్కల సంగతి అడిగాను.

ఆ మాట అతన్ని ఎత్తనివ్వను. నేనూ బతికుండగా మళ్లీ ఎత్తను.