ఈ గదిలోకి తుఫాను రాదు

గాలి పీడనం కొలిచే బారోమీటరు నా సంచిలో ఉంది. జిప్పు తీయలేదు.

బయట వాయుగుండం. దువ్వాడ దగ్గరి ఈ క్యాన్సర్ ఆసుపత్రిలో రేడియేషన్ యంత్రం పరీక్షకు బయటి ఫిజిసిస్టుగా నన్ను పిలిచారు. కొలిచి మొదటి సంతకం పెట్టేది ఇక్కడి ఫిజిసిస్టు ఉదయ్‌కుమార్. సరిచూసి రెండో సంతకం పెట్టేది నేను.

మూడేళ్ల క్రితం పెద్ద తుఫాను రోజున అతనే ఈ యంత్రం మోతాదును సరిచేశాడు. ఆ వారాల్లోనే నా భార్య ఈశ్వరికి గొంతు క్యాన్సర్‌కు ఇదే యంత్రంతో వైద్యం. అప్పట్లోనే అతను ఆమెను అక్కా అని, నన్ను బావా అని వరస కలిపాడు. గొంతు లోపలంతా కాలింది. చివరికి చెంచాడు నీళ్లు కూడా మింగలేకపోయింది. జబ్బే తీసుకుపోయిందన్నారు డాక్టర్లు. కావచ్చు. ఆ చెంచాడు నీళ్లు మాత్రం ఉదయ్ లాక్కున్నాడని నా అనుమానం. రుజువు లేదు.

చిటికెన వేలంత అయాన్ ఛాంబర్‌ను అతను నీళ్ల తొట్టిలో అమర్చాడు. దాని లోపల ఉండేది మామూలు గాలే. ఎక్స్‌రేలు ఆ గాలిలో పుట్టించే విద్యుత్తును బట్టి మోతాదు తెలుస్తుంది. తుఫానుకు గాలి పలచబడితే ఛాంబర్ తక్కువ చూపిస్తుంది. ఆనాటి పీడనంతో లెక్క సవరించాలి. లేదంటే యంత్రమే బలహీనపడిందనుకుని మోతాదు పెంచేస్తాం.

ఉదయ్ మామూలు రోజుల పీడనమే టైపు చేశాడు.

"ఇవాళ్టి పీడనం చూడవా?" మెత్తగా అడిగాను.

"ఏటి బావా! ఈ గోడల మందం సూసావా? ఆ తలుపు సూసావా? వాయుగుండం ఇందులోకి ఎలగొస్తాది?" నవ్వాడు. "అక్క ఇక్కడున్నప్పుడు తుఫానొచ్చింది కదా, అప్పుడూ ఇలాగే సేసాను."

చాలు. పెంచనిస్తాను. సంతకం పెట్టనిస్తాను. తర్వాత పెద్ద డాక్టర్ అనూరాధ గారి ముందు సంచి తెరుస్తాను. ఇక ఏ ఆసుపత్రీ అతన్ని గుమ్మం ఎక్కనివ్వదు.

అతను మోతాదు పెంచాడు. అప్పుడే నర్సు దేవి తలుపు దగ్గరికి వచ్చింది. "సార్, బస్సులు ఆపేస్తారట. అసిరమ్మని ముందు పంపనా?"

తలుపు బయట కూర్చున్న అసిరమ్మదీ గొంతు క్యాన్సరే; ఉండేది ఫిషింగ్ హార్బర్‌లో. చేపలమ్ముతుంది. మెడకు తడిగుడ్డ. దేవి తన టీని ఆమె కోసం అటూ ఇటూ పోసి చల్లార్చింది. ఒక గుక్క దిగింది. ముఖం చిట్లించుకుంటూనే, "దిగీసింది తల్లీ," అని నవ్వింది.

"తీసుకురా," అన్నాడు ఉదయ్. "యంత్రం రెడీ. సంతకాలు తరవాత సేద్దుం."

జిప్పు తీశాను.

"ఆగు." బారోమీటరు అతని ముందు పెట్టాను. "గది లోపలే ఉంది. చూడు."

చూశాడు. ముఖం పాలిపోయింది. పెంచింది దించాడు. మళ్లీ కొలిపించాను.

"ఎవలికీ తగల్లేదు కదా బావా. ఇక్కడితో వదిలీ."

"బావా అనకు. అనూరాధ గారికి కబురు పంపాను, వస్తున్నారు. ఆ తుఫాను రోజు పీడనం నా దగ్గరుంది. ఈశ్వరికి ఎంత ఎక్కువ పోయిందో ఆవిడ ముందు నువ్వే లెక్కకట్టు."

ఆవిడ వచ్చి నిలబడ్డారు. ఉదయ్ కాలిక్యులేటర్ మీద రెండుసార్లు తప్పు నొక్కాడు. బయట అసిరమ్మ ఇంకో గుక్క టీ అడుగుతోంది.

"ఐదు శాతం ఎక్కువ," అన్నాడు, తల ఎత్తకుండా.

"వినపడలేదు," అన్నాను.