ఆస్పరి రోడ్డుకు పోని కారు

ఆదోనిలో పత్తి కమీషను వ్యాపారం చేసే చెన్నకేశవులు డెబ్బై ఆరులో బళ్ళారి కాంట్రాక్టరు ఒకాయన దగ్గర నల్ల అంబాసిడరు కొన్నాడు. కొన్న నెలకే డ్రైవరును మాన్పించాడు. ఆ డ్రైవరు చేసిన నేరం ఒక్కటే. దుమ్ము మీదే తడిగుడ్డ పెట్టి రుద్ది, బానెట్టు మీద వెంట్రుకల్లాంటి గీతలు తెచ్చాడు. నల్లరంగు మీద ఏ గీతా దాగదు. అప్పటి నుంచి కారు నడపడం చెన్నకేశవులు పని, కడగడం ఆయన భార్య సులోచన పని అయింది. చేస్తావా అని ఆమెను ఎవరూ అడగలేదు.

సులోచన ఎమ్మిగనూరు మనిషి. తండ్రి విశ్వేశ్వరయ్యకు అక్కడ చేనేత బట్టల అంగడి. ఏ పని చేతికొచ్చినా దాని సంగతేమిటో తేల్చుకోనిదే వదిలే స్వభావం కాదు ఆమెది. పెరటి బావినీళ్ళు ఉప్పన. అవి కారు రేకు మీద ఆరితే తెల్లచుక్కలు మిగులుతాయని మొదటి వారంలోనే కనిపెట్టింది. అందుకని మునిసిపాలిటీ కొళాయి వచ్చిన రోజు రెండు గంగాళాలు పట్టి కారు కోసమని మూతపెట్టేది. పొద్దు పొడవకముందే పని ముగించేది. ముందు గుడ్డ ముట్టకుండా పైనుంచి చెంబులతో నీళ్ళు పోసి దుమ్మును దానంతట దాన్ని జారనిచ్చేది. తర్వాత వడగట్టిన కుంకుడురసం. టాపు నుంచి కిందికి రావాలి, కింద తుడిచిన గుడ్డ మళ్ళీ పైకి పోకూడదు. చక్రాలకు వేరే గుడ్డ. తారు మరకలు కనపడితే కిరసనాయిలు ఒక్క చుక్క. ఆరిన తర్వాత మైనం పాలిష్ డబ్బా తీసి, కొంచెం కొంచెం గుండ్రంగా పూసి, అది తెల్లగా పొడిబారేదాకా ఆగి, పుట్టింటి నుంచి తెచ్చుకున్న పాత నేత తువ్వాలుతో తుడిచేది. పత్తి కాలంలో గింజ తీసే జిన్నింగు ఫ్యాక్టరీల నుంచి గాలికి నూగు వచ్చి తడి పాలిష్ మీద అతుక్కుంటుంది. ఆ నెలల్లో షెడ్డు తలుపులు మూసుకుని, ఉక్కలో, చెమటలు కారుతూ చేసేది. వానాకాలం బంపర్లకు కొబ్బరినూనె పల్చగా రాసేది, తుప్పు పట్టకుండా.

అంతా అయ్యాక చెన్నకేశవులు వచ్చి బంపరు కింద వేలు పెట్టి చూసేవాడు. వేలికి ఏదైనా అంటితే ఆ వేలు ఆమె ముఖం ముందర పెట్టేవాడు. అంటకపోతే ఏమీ అనేవాడు కాదు. బజారులో ఎవరైనా కారును మెచ్చుకుంటే, బండిని చూసుకోవడం తెలియాలప్పా అని మీసం సర్దుకునేవాడు. ఆ మాట సులోచన చెవిన పడుతూనే ఉండేది. రెండేళ్ళలో ఆమె ఆ కారు ఎక్కింది నాలుగుసార్లు. నాలుగుసార్లూ కాళ్ళు దులుపుకుని ఎక్కమన్నాడు.

డెబ్బై ఎనిమిది అక్టోబరులో, పత్తి అప్పుడప్పుడే మండీకి వస్తుండగా, ఒకరోజు పొద్దున ఏడింటికి లారీ డ్రైవరు మారెప్ప ఇంటి ముందర నిలబడ్డాడు. ఆస్పరి వైపు పల్లెల నుంచి పత్తి తోలేవాడు అతను. సులోచన చెల్లెలు రాజేశ్వరమ్మను ఆస్పరి దాటి లోపలున్న ఒక పల్లెలో కిరాణా అంగడి వాళ్ళింటికి ఇచ్చారు. ఆమెకు నెలలు నిండాయి. పురిటికి పుట్టింటికి పోవడానికి ఇంకా పది రోజులున్నాయనుకుంటున్నారు.

"అమ్మా, నీ సెల్లెలికి రేత్రి నుంచి నొప్పులు పడతాండాయి," అన్నాడు మారెప్ప. "బిడ్డ అడ్డం తిరిగిందంట. మంత్రసాని నాతో కాదనేసింది. నీ మరిది కారు తీసుకోని రమ్మన్నాడు, ఆదోని ఆస్పత్రికి ఎయ్యల్లంట."

సులోచన పరుగున షెడ్డుకు పోయింది. చెన్నకేశవులు అక్కడే ఉన్నాడు. ముందురోజే ఆమె మూడు గంటలు కష్టపడి పాలిష్ చేసిన కారు చుట్టూ తిరుగుతూ చూసుకుంటున్నాడు. ఆ మధ్యాహ్నం బండికి బొంబాయి నుంచి మిల్లు సేట్లు ఇద్దరు దిగుతున్నారు. వాళ్ళను స్టేషన్లో ఎక్కించుకుని మండీ అంతా తిప్పాలని ఆయన ఏర్పాటు.

ఆమె చెప్పింది విన్నాడు. విని కారు వైపు చూశాడు.

"ఆస్పరి రోడ్డు సంగతి నీకు తెల్దా? మొన్ననే వాన పడింది. ఆడ బురదలో దిగితే కంకర లేసి కొడతాది. పెయింటు యాడికాడికి లేసిపోతాది. ఆ అవతారంతో సేట్ల ముందర యెట్ల పోదును? పదింటికి బస్సుంది, నువ్వు పో."

"బస్సులో పోతాను సరే, దాన్ని తెచ్చేదెట్ల?"

"ఆడోళ్ళు కనడం కొత్తనా ఏమి," అని ఆయన లోపలికి నడిచాడు. కారు తాళంచెవి జేబులో వేసుకుని మరీ నడిచాడు.

రెండోసారి అడిగింది. మూడోసారీ అడిగింది. స్నానాల గది తలుపు బయట నిలబడి అడిగింది. లోపల ఆయన నీళ్ళు పోసుకుంటూనే ఉన్నాడు. అప్పుడు సులోచన అడగడం మానేసింది. ఏడుపు రాలేదు. బీరువాలోంచి రెండు పాత దుప్పట్లు తీసుకుని, వాకిట్లో ఇంకా నిలబడి ఉన్న మారెప్పను అడిగింది, లారీ మళ్ళీ ఆ దారినే పోతుందా అని. లోడు దించాలమ్మా అన్నాడు అతను. దించేదాకా మండీలో ఒక గంట కూర్చుంది. హమాలీలతో పాటు మారెప్ప కూడా బోరాలు మోశాడు.

లారీ పల్లె చేరేసరికి పదిన్నర దాటింది. వంక దగ్గర బురదలో చక్రం దిగబడి అరగంట పోయింది. రాజేశ్వరమ్మకు అప్పటికే గొంతు పీలగా అయిపోయింది. ఆమెను మంచంతో సహా ఎత్తి లారీలో ఖాళీ గోనెల మీద దించారు. భర్త కాళ్ళ దగ్గర కూర్చున్నాడు, సులోచన తల ఒడిలో పెట్టుకుంది.

"బావ కారు తేలేదాక్కా?" అని అడిగింది రాజేశ్వరమ్మ.

"ఊర్లో లేడు. గుంతకల్లుకు పోయినాడు," అంది సులోచన. ఎందుకంది అలా? మొగుడి పరువు కాపాడే అలవాటు ఎంత లోపలికి పోయిందంటే, మాట దానంతట అదే వచ్చింది.

ఆస్పరి నుంచి ఆదోని దాకా రాజేశ్వరమ్మ ప్రతి గుంతకూ అరిచింది. ఊరు దగ్గరయ్యాక అరిచే ఓపిక లేక అక్క ఒడిలోనే తల పక్కకు వాల్చేసింది. ఆస్పత్రికి పోయే దారి సులోచన ఇంటి ముందర నుంచే. ఇంటి ముందర నల్లకారు నిలబడి ఉంది. చెన్నకేశవులు తెల్ల సిల్కు చొక్కా వేసుకుని, ముందు అద్దాన్ని తుడుస్తున్నాడు. సులోచన పాలిష్ కోసం దాచుకునే తువ్వాలు ఆయన చేతిలో ఉంది. లారీ చప్పుడుకు తల తిప్పి, మట్టి చిందుతుందేమోనని కారుకు అడ్డంగా నిలబడ్డాడు. లారీలో ఎవరున్నారో చూడలేదు. లారీ పక్క చెక్కల మీదుగా సులోచన అంతా చూసింది. దిగి పోయి ఆ అద్దాన్ని రాయితో కొట్టాలనిపించింది. ఒడిలో చెల్లెలి తల ఉంది కాబట్టి కదలలేదు.

మగబిడ్డ పుట్టాడు. ఊపిరి లేదు. రాజేశ్వరమ్మ బతికింది.

ముందే తెచ్చింటే బిడ్డ దక్కేవాడా అని సులోచన డాక్టరమ్మను అడిగింది. ఆమె కొళాయి కింద చేతులు కడుక్కుంటూ, అది ఎవరూ చెప్పలేరమ్మా అంది. అవును అని ఉంటే ఒక రకం, కాదు అని ఉంటే ఒక రకం. రెండూ కాని ఆ జవాబును సులోచన ఎనిమిది రోజులు ఆస్పత్రి వరండాలో నములుతూ కూర్చుంది. రెండోరోజు చెన్నకేశవులు కమలాపండ్లు తీసుకుని వచ్చాడు, గడప దాటకుండానే పోయాడు. రాజేశ్వరమ్మ ఆయనను ఏమీ అడగలేదు.

తొమ్మిదో రోజు చెల్లెలిని ఎమ్మిగనూరులో పుట్టింటికి పంపి సులోచన ఇంటికి వచ్చింది. ఇంట్లో వంట చేసింది, అన్నం పెట్టింది.  ఆదివారం పొద్దున చెన్నకేశవులు షెడ్డు తలుపు తీసి, బండి ఎట్లయిందో చూసినావా, పది దినాల దుమ్ము అన్నాడు.

"నేను కడగను."

"ఈ పొద్దు చేతకాకుంటే రేపు కడుగు."

"రేపూ కడగను. ఇంక ఎప్పుడూ కడగను."

ఆయన, ఇదేం పెద్ద విద్యా అని పంచె ఎగగట్టాడు. అప్పటికి పదకొండయింది. కారును నడి ఎండలోకి తెచ్చి నిలబెట్టాడు. బానెట్టు మీద చెయ్యి పెడితే కాలుతోంది. బావినీళ్ళు తోడాడు. బకెట్లో బట్టల సోడా గుప్పెళ్ళతో వేశాడు. దుమ్ము మీదే గుడ్డ పెట్టి అడ్డదిడ్డంగా రుద్దాడు. సులోచన అరుగు మీద చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చుంది. ఏ చోట ఏ తప్పు జరుగుతోందో ఆమెకు ఒక్కొక్కటీ తెలుసు. సోడానీళ్ళు ఎండకు క్షణాల్లో ఆరిపోయి రేకు మీద తెల్లగా పేరుకున్నాయి. అవి పోవడం లేదని ఆయన కొబ్బరిపీచు తెచ్చాడు. పీచు రేకు మీద గరగరమంటుంటే సులోచన పళ్ళు జివ్వుమన్నాయి. రెండేళ్ళ పాటు తన చేతులు చేసిన పని అది. ఒక్క మాటతో ఆపొచ్చు. ఆపలేదు. ఒక చిక్కుడుకాయ తీసుకుంది, ఈనె లాగింది, ఇంకొకటి తీసుకుంది.

ఒంటిగంటకు కారు బూడిద పూసుకున్నట్టు నిలబడింది. చెన్నకేశవులుకు అప్పుడు అర్థమైంది. అరుగు దగ్గరికి వచ్చాడు.

"చూస్తానే కూర్చుంటివి కదా. ఇట్ల కాదని ఒక్క మాట చెప్పింటే పోయేది కాదే."

సులోచన చేట పక్కన పెట్టింది.

"నేను చెప్పిన మాట మీరు విన్న దినం ఏది? ఆ పొద్దు మూడుసార్లు చెప్పినాను. నీళ్ళు పోసుకుంటా వింటిరి. నా చెల్లెలు గోనెల మింద పండుకోని మన ఇంటి ముందరే పోయింది. మీరు నా తువ్వాలుతో అద్దం తుడుస్తాంటిరి. మట్టి పడుతుందని అడ్డం నిలబడితిరి. మీరు ఊర్లో లేరని దానికి అబద్ధం చెప్పినాను. చచ్చిన బిడ్డను పక్కన పెట్టుకోని కూడా అదే అబద్ధం మోసినాను. ఇంక నాతో కాదు."

ఆమె గొంతు పెంచలేదు. పక్కింటి మిద్దె మీద వడియాలు పెడుతున్న ఆడవాళ్ళు మాత్రం చేతులు ఆపి విన్నారు. అది చూసి చెన్నకేశవులు లోపలికి రమ్మన్నాడు. ఆమె లోపలికి పోయింది, చీరలు సంచిలో పెట్టుకుంది, మూడింటి బస్సుకు ఎమ్మిగనూరు పోయింది.

పుట్టింట్లో రాజేశ్వరమ్మ వసారాలో చాప మీద పడుకుని ఉంది. సులోచన సంచి దించకుండానే చెప్పేసింది. ఆ దినం మీ బావ ఊర్లోనే ఉన్నాడు, అడిగితే రానన్నాడు, నీతో అబద్ధం చెప్పినాను అంది. తండ్రి విశ్వేశ్వరయ్య అంగడికి పోబోతున్నవాడు గడపలోనే నిలబడిపోయాడు.

రాజేశ్వరమ్మ ఒత్తిగిల్లి అక్క చేతిలోని సంచి తీసి పక్కన పెట్టింది.

"నాకు తెలుసక్కా. చెక్కల సందులో నుంచి చూసినాను. కారూ కనపడింది, బావా కనపడినాడు. నువ్వు చెప్పుకోలేక సస్తాంటివని నేను అడగలేదు."

సులోచన అప్పుడు ఏడ్చింది. ఆస్పత్రిలో రాని ఏడుపు అంతా వచ్చింది. ఏడుస్తున్నా కోపం ఏమాత్రం తగ్గలేదు. అందులో సగం తన మీదే.

ఆరోరోజు చెన్నకేశవులు ఆమెను తీసుకుపోవడానికి కారులోనే వచ్చాడు. సందులో పిల్లలు చేరారు, మరకల కారు అని నవ్వారు. విశ్వేశ్వరయ్య లేవబోతే రాజేశ్వరమ్మ వద్దంది. పక్కమీది నుంచి లేచిన మొదటిరోజు అది. గోడ పట్టుకుని వాకిట్లోకి పోయింది.

"బావా, కారు రావాల్సిన దినం రాలేదు. ఇప్పుడు మా వాకిట్లో నిలబెట్టొద్దు. తీసెయ్యి."

చెన్నకేశవులు ఏదో చెప్పబోయాడు. ఆమె గోడ పట్టుకునే వాకిలికి అడ్డంగా నిలబడింది. ఆయన తిరిగి కారెక్కి, వెనక్కు తోలి, సందు చివర చేనేత సొసైటీ గోడ పక్కన పెట్టి నడిచి వచ్చాడు. మామ నీళ్ళ చెంబు ఇచ్చాడు. తప్పయిపోయింది అన్నాడు చెన్నకేశవులు, ఎవరితో అంటున్నాడో తెలియకుండా నేల చూస్తూ. సులోచన వసారాలోంచి బయటికి రాలేదు. సాయంత్రం ఒక్కడే తిరిగిపోయాడు.

సులోచన నెల తర్వాత, చెల్లెలు కోలుకున్నాక, బస్సులో ఆదోనికి పోయింది. చెన్నకేశవులు కారుకు మళ్ళీ రంగు వేయించాడు. జీతానికి ఒక మనిషిని పెట్టాడు, వాడు దుమ్ము మీదే గుడ్డ పెట్టేవాడు. సులోచన చూసేది, తన పనిలోకి పోయేది. కొళాయి వచ్చిన రోజు రెండు గంగాళాలు ఇప్పుడూ పట్టేది. ఆ నీళ్ళను, బావులు ఉప్పనైన వీధివాళ్ళకు బిందెలతో పోసేది. చెన్నకేశవులు ఒకసారి ఎందుకని అడగబోయి, ఆమె ముఖం చూసి షెడ్డు వైపు పోయాడు.